మొక్కకు పేరు పెట్టించడానికి బెజవాడ వెళ్ళొచ్చాం

బెజవాడలో మందార ప్రియుల సంఘం వాళ్ళు రెండు రోజులు సభ జరిపి, మొక్కలు వేలం వేసి, మిగిలినవి అమ్మి, ఒకరికొకరు శాలువాలు కప్పుకుని ఇళ్ళకు వెళ్ళారు. మీరెవరూ వెళ్ళి ఉండరు. మేమిద్దరం వెళ్ళొచ్చాం కాబట్టి చెబుతున్నాను. చూసింది మర్చిపోయే అలవాటు నాకు లేదు, మా ఇంటాయన బాధ కూడా అదే.

మేమిద్దరం అంటే నేనూ, మా తోడికోడలు రాజ్యం. చల్లపల్లి దగ్గర పల్లెటూరు మాది. ఒకే ప్రహరీలో రెండు ఇళ్ళు, రెంటికీ కలిపి ఒక బోరు. మోటారు గది పక్కన మా అత్తగారి నాటి ఎర్ర ముద్దమందారం ఉంది. కొన్నేళ్ళ కిందట దానికి ఒక కొమ్మ ఉన్నట్టుండి వేరే రంగు పూసింది. బాగా పండిన బొప్పాయిని కోస్తే లోపల ఉంటుందే, ఆ రంగు, మధ్యలో కుంకుమ బొట్టు. చెట్టుకు ఏదో తెగులు పట్టిందని మా మరిది కత్తి పట్టుకొచ్చాడు. రాజ్యం అడ్డం నిలబడింది. ఆ కొమ్మకు మట్టి ముద్ద పెట్టి, గోనెపట్టా చుట్టి అంటు కట్టింది. వేళ్ళు వచ్చాక కోసి కుండీలో పెట్టింది. ఇప్పుడు మా మరిది ఇంటికొచ్చిన చుట్టాలందరికీ "నేను పెంచిన మొక్క" అని చూపిస్తాడు.

మా ఇంట్లో ఇది మామూలే. రాజ్యం పట్టిన ఆవకాయ "మా అమ్మ ఆవకాయ" అవుతుంది. రాజ్యం మేపిన గేదె "మా అన్నయ్య గేదె" అవుతుంది. ఆమెను పేరు పెట్టి పిలిచేది నేనొక్కదాన్నే. మిగతా అందరికీ చిన్నమ్మ, పిన్ని, చిన్నకోడలు. మొగుడికైతే "ఇదిగో". సంఘం వాళ్ళు నేను ఫోన్లో పంపిన ఆ పువ్వు ఫోటో చూసి, "కొత్త రకంలా ఉందమ్మా, సభకు తీసుకురండి, పేరు పెడదాం" అన్నప్పుడు నేను గట్టిగా అనుకున్నాను. ఆ పువ్వు పేరు రాజ్యం అవ్వాలి. ఊళ్ళోవాళ్ళు పిలవకపోతే మానె, పరాయివాళ్ళయినా పిలుస్తారు. లేకపోతే బెజవాడ ఎండలో నాకేం పని?

బస్సులో

తెల్లారే బస్సెక్కాం. ఆడవాళ్ళకు బస్సు ఉచితం కదా, ఆధార్ కార్డులు చూపించి మహారాణుల్లా కూర్చున్నాం. కుండీ రాజ్యం ఒళ్ళో ఉంది. కండక్టరు దానికేసి చూశాడు.

"దీనికి లగేజీ టికెట్టు తీసుకోవాలమ్మా."

"ఇదీ ఆడదే నాయనా, పూలు పూస్తుంది" అన్నాను.

"అయితే దాని ఆధార్ చూపించండి."

బస్సంతా నవ్వారు. నేను టికెట్టు తీసుకున్నాను. పామర్రు దాటాక అతనే మళ్ళీ వచ్చి, "ఏం మందారమమ్మా ఇది? మా ఇంట్లో ఆవిడకి పూలంటే పిచ్చి" అన్నాడు. అన్నాడో లేదో, రాజ్యం ఒక కొమ్మ తుంచి అతని చేతిలో పెట్టేసింది.

"టికెట్టు కొట్టినవాడికి కొమ్మలేంటే?"

"పాపం, అడిగాడు కదక్కా."

అడిగితే చాలు, ఇచ్చేస్తుంది. మా ఇంట్లో ఎవరూ ఏమీ అడగరు, తీసేసుకుంటారు. అందుకని అడిగేవాళ్ళు కనపడితే ఆమెకు మహా సంబరం.

ఉయ్యూరు దాటేసరికి మొగ్గ విచ్చుకుంది. ముందు సీటు వాళ్ళు వెనక్కి తిరిగి, వెనక సీటు వాళ్ళు లేచి నిలబడి చూశారు. మా ఇంటి పిల్లకు పెళ్ళిచూపులు జరుగుతున్నట్టు నేను బిగుసుకుని కూర్చున్నాను.

ఆటోనగర్

ఆ బిగువులోనే ఊరొచ్చేసిందనుకుని, మేం దిగాల్సిన బెంజ్ సర్కిల్ ఇంకా రాకుండానే ఆటోనగర్ గేటు దగ్గర దిగిపోయాం. దిగేటప్పుడు కుండీ తలుపు కడ్డీకి తగిలి నిలువునా పగిలింది. ఆ రోడ్డు మీద ఎటు చూసినా లారీ ఇరుసులు, గేర్లు, చేటలంత చక్రాలే. పచ్చగా ఉన్నది మా చేతిలో మొక్కొక్కటే. రాజ్యం మట్టి రాలకుండా కుండీని పసిబిడ్డలా కొంగులో పట్టుకుని నిలబడింది.

ఎదురుగా బేరింగుల షాపులోంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్ల చొక్కా, దాని మీద వేలెడు గ్రీజు మరక. పేరు కోటేశ్వరరావు అని తరవాత తెలిసింది.

"ఏమైందమ్మా? పగిలిందా? ఇటివ్వండి."

పాత లారీ ట్యూబును పట్టీలుగా కోసి, కుండీ చుట్టూ బిగించి కట్టాడు. బండి టైరు కూడా అంత గట్టిగా ఉండదు. టీ తెప్పించాడు. డబ్బు ఇవ్వబోతే, "మొక్కకి కట్టు కట్టి డబ్బులు తీసుకుంటారా అమ్మా ఎవరైనా?" అన్నాడు. అప్పుడు పువ్వు చూశాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు.

"మందారాల సభకేనా? నేనూ మెంబర్నే. రేపు వేలంపాటకి తప్పకుండా వస్తా."

ఆటో పిలిచి, మమ్మల్ని ఎక్కించి, నెమ్మదిగా పొమ్మని డ్రైవరుకు చెప్పాడు. ఇంత మంచివాడు మర్నాడు నా నెత్తిన కూర్చుంటాడని నేనెలా అనుకుంటాను?

మన్ను అమ్మే చోటు

బెంజ్ సర్కిల్ దగ్గరి కల్యాణ మంటపంలో సభ. గేటుకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. దాని మీద సంఘం పెద్దల మొహాలు గుమ్మడికాయలంత, మందారం ఆవగింజంత. లోపల వేదికంతా ప్లాస్టిక్ పూల దండలు. పూల సంఘానికి పూలు దొరకలేదు కాబోలు.

మొదటి బల్ల దగ్గర కార్యదర్శి గారు కూర్చుని ఉన్నారు. బ్యాంకులో చేసి రిటైరైన మనిషి.

"మొక్క పేరేంటమ్మా?"

"రాజ్యమండి."

"అదెవరు పెట్టారు?"

"నేనే. ఇదిగో, పెంచినామె పేరు."

ఆయన చిరునవ్వు నవ్వారు. "అట్లా కుదరదమ్మా. కొత్త రకానికి పేరు పెట్టే హక్కు పాటలో గెలిచినవాళ్ళది. అది మా రూలు."

"పెంచేది మేమూ, పేరు పెట్టేది డబ్బున్నవాళ్ళూనా?"

"అందుకే కదమ్మా పాట బాగా వస్తుంది. అందులో సగం మీకే ఇస్తాం."

నాకు ఒళ్ళు మండింది. పాల డబ్బులు నా పర్సులో ఉన్నాయి. పాటే కదా, నేనూ పాడతాను అనుకున్నాను. రాజ్యానికి చెప్పలేదు. చెబితే నలుగురిలో నవ్వులపాలవుతామని వెంటనే తిరుగు బస్సెక్కేది.

మొక్కను బల్ల మీద పెట్టించి, దాని దగ్గర రాజ్యాన్ని కూర్చోబెట్టి, నేను దుకాణాలు చూడటానికి వెళ్ళాను. ఎర్రమన్ను సంచుల్లో పోసి కిలో నలభై రూపాయలకు అమ్ముతున్నారు. మా ఊళ్ళో అది కాళ్ళకు అంటుకుంటే వీధిలోనే కడుక్కుని లోపలికి రమ్మంటారు. పిడకల పొడి అరవై. బియ్యం కడిగిన నీళ్ళు పులియబెట్టి సీసాలో పోసి, దాని మీద ఆవు బొమ్మ అంటించి నూట ఇరవై. ఆ లెక్కన కుడితి తాగే మా గేదె పొట్టలో ఆస్తి పెట్టుకుని తిరుగుతోంది. ఒకామె రెండు సీసాలు కొని, "పల్లెటూళ్ళలో ఇవన్నీ దొరకవండీ" అని నాతోనే చెప్పింది. అవునండీ, మహా కష్టం అన్నాను.

మొక్కలు మాత్రం కళ్ళకు పండగే, అబద్ధం చెప్పకూడదు. పళ్ళెమంత పూలు, ఊదా, బూడిద, చాక్లెట్టు రంగులవి. ఒక్కోటి మూడు వందల యాభై నుంచి పన్నెండు వందల దాకా. పేర్లన్నీ రాజులూ రాణులూ యువరాణులే. మందార జాతిలో పనీపాటా చేసుకునేవాళ్ళే లేరు.

అటు తిరగండి

నేను తిరిగి వచ్చేసరికి మా బల్ల ముందు ఆడవాళ్ళు బారులు తీరి ఉన్నారు. రాజ్యం మొక్కకు వీపు పెట్టి గోడకేసి చూస్తూ నిలబడింది.

"రాజ్యం! ఏం చేస్తున్నావే? ఇటు తిరుగు!"

"ఉండక్కా, ఆవిడ ఇంకా తీసుకోలేదు."

జరిగిందేమిటంటే, గోడ మీద "కొమ్మలు తుంచరాదు" అని అధ్యక్షుల వారి పేరుతో బోర్డు ఉంది. ఆ అధ్యక్షుల వారి భార్యే మొదట వచ్చిందట. "ఒక్క చిన్న కొమ్మండీ" అందట. రాజ్యం సంతోషంగా తుంచబోయేసరికి, "అయ్యయ్యో, మీరు ఇవ్వకండి! ఇస్తే బతకదు. చెప్పకుండా తుంచుకున్న కొమ్మే నాటుకుంటుంది. మీరొక్కసారి అటు తిరగండి" అందట. రాజ్యం తిరిగింది. వెనక టుక్కుమంది. ఆ టుక్కు హాలంతా వినపడినట్టుంది, వరస కట్టారు.

మా ఊళ్ళోనూ ఈ నమ్మకం ఉంది. కానీ మావాళ్ళు ఇంట్లోవాళ్ళు కునుకు తీసేవేళ చూసుకుని, గోడ పక్కనుంచి వచ్చి, భయపడుతూ తుంచుకుపోతారు. దొంగతనానికి ఉండాల్సిన మర్యాద అది. పట్టణంలో తీరిక ఉండదు కాబట్టి ఎదురుగానే, అనుమతి తీసుకుని, వరసలో నిలబడి దొంగిలిస్తున్నారు.

"ఎవరూ ముట్టుకోకండి, రేపు పాట ఉంది" అన్నాను.

"ఆఖరిదండీ. మీరూ తిరగండమ్మా" అంది ముందు నిలబడ్డామె.

"నేను తిరగను."

"పోనీ కళ్ళు మూసుకోండి."

నేను కళ్ళు పెద్దవి చేసి చూస్తుంటే ఆమె ఇబ్బంది పడి, రాజ్యాన్ని పిలిచింది. "రాజ్యం గారూ, మీ అక్కగారికి చెప్పండీ." అప్పటికే అందరికీ పేరు తెలిసిపోయింది, నా కేకల పుణ్యమే. రాజ్యం నన్ను కాఫీకి పంపింది. నేను వెళ్ళాను. ఏం చేయను? పరాయి ఊళ్ళో తోడికోడళ్ళు కొట్టుకుంటే బాగుండదు కదా. వచ్చేసరికి మొక్కకు ఒక కొమ్మ, ఒక పువ్వు, ఒక మొగ్గ, లారీ ట్యూబు మిగిలాయి.

పెద్దమ్మ కూతురి ఫ్లాటు

రాత్రికి మా పెద్దమ్మ కూతురి ఫ్లాటులో దిగాం. దోసకాయ పప్పు, బెండకాయ వేపుడు పెట్టింది. వేపుడులో జీడిపప్పు వేసింది. బెజవాడలో దేంట్లో పడితే దాంట్లో వేస్తారు. నేను అన్నం దగ్గరే మొదలుపెట్టాను.

"రేపు పాటకు కొయ్యముక్క పెడదామా?"

"కొమ్మలు పోతే గుబురుగా చిగురేస్తుందక్కా. ఇంటి దగ్గర ఇంకోటి నాటే ఉంచాగా."

"ఇంటి దగ్గరిది కాదే! ఈ పువ్వుకి నీ పేరు పెట్టించాలనే కదా ఇంత దూరం వచ్చింది!"

రాజ్యం ముద్ద చేతిలోనే ఉంచుకుని నాకేసి చూసింది. "నా పేరా? మందారానికా?"

"ఏం, నీ పేరుకేం తక్కువ?"

"ఎవరైనా వింటే నవ్వుతారు" అని తలొంచుకుని అన్నం కలుపుకుంది. కానీ మర్నాడు పొద్దున సంచి అడుగునుంచి నీలం పట్టుచీర తీసి కట్టింది. ఆ చీర సంచిలో ఉన్నట్టే నాకు తెలియదు. కుచ్చిళ్ళు ఒకటికి రెండుసార్లు సర్దుకుంది. అప్పటిదాకా ఆ పేరు నా పంతం. ఇప్పుడు ఆమె ఆశ కూడా అయి కూర్చుంది.

శాలువాలు, తరవాత పాట

పాట పదింటికన్నారు. ముందు అతిథులకు శాలువాలు. అతిథులు అధ్యక్షుడికి శాలువా. అధ్యక్షుడు కార్యదర్శికి, కార్యదర్శి మైకు పెట్టినతనికి. ఉక్కపోతలో ఫ్యాన్లు తిరగక మేం చస్తుంటే వాళ్ళు ఉన్ని కప్పుకుని ఉపన్యాసాలిచ్చారు. ఒకాయన మందారం గొప్పతనం గురించి చాలాసేపు మాట్లాడాడు. వెనక ప్లాస్టిక్ గులాబీ ఊడి ఆయన నెత్తిన పడేదాకా ఆపలేదు.

పాట మొదలైంది. మా ఊళ్ళో చెరువు పాటంటే అరుపులు, చొక్కాలు పట్టుకోవడం, మధ్యలో టీలు. ఇక్కడ "ప్లీజ్", "థాంక్యూ" అంటూ వేలు పెంచుతున్నారు. మా మొక్కను వేదిక మీద పెట్టారు. ఒకే ఒక్క కొమ్మ, దాని మీద ఆ పొద్దున విచ్చుకున్న పువ్వు. వెనక వరసలో ఎవరో నవ్వారు. వాళ్ళ సంచిలోనే ఒక కొమ్మ ఉండి ఉంటుంది.

"వెయ్యి" అన్నారు ముందు వరసలోంచి. కోటేశ్వరరావు గారు.

"పదకొండొందలు" అన్నాను.

రాజ్యం నా మోచెయ్యి పట్టుకుంది. "అక్కా!"

"నువ్వూరుకో."

ఆయన పదిహేనొందలన్నాడు. నేను పదహారు. ఆయన రెండు వేలు. నేనూ వెనక్కి తగ్గలేదు. అలా పైపైకి పోతుండగా అధ్యక్షుల వారు చేతిలో సుత్తి ఆపి, నా వైపు వంగి చూశారు.

"అమ్మా, ఈ మొక్క తెచ్చింది మీరే కదా?"

"అవునండి."

"మీ మొక్కను మీరే పాడుకుంటారా?"

"మొక్క ఎవరైనా తీసుకోండి బాబూ, నాకు పేరు చాలు."

హాలంతా నవ్వు. కోటేశ్వరరావు గారు వెనక్కి తిరిగి, "అయ్యో, పాడేది మీరా అమ్మా? ఎవరో గట్టి పోటీ అనుకుని పెంచుకుంటూ పోయాను" అన్నారు. మొక్క తెచ్చినవాళ్ళు పాడకూడదని ఇంకో రూలు చదివి వినిపించారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అయిపోయింది.

నేను సిగ్గు వదిలేసి ఆయన దగ్గరికి వెళ్ళాను. "పేరు రాజ్యమని పెట్టండి బాబూ. కుండీకి కట్టు కట్టిన చేతులు మీవి."

ఆయన నిజంగానే బాధపడ్డాడు. తల గోక్కున్నాడు. "పెట్టేవాణ్ణేనమ్మా. కానీ పొద్దున్నే ఇంట్లో చెప్పేశా, షాపు పేరు పెడుతున్నానని. మా ఆవిడ దండ కూడా తెప్పించింది."

అలా మా మోటారు గది పక్కన పుట్టిన పువ్వుకు "సువర్ణ బేరింగ్స్ గోల్డ్" అని పేరు పెట్టి, పటం కట్టించిన ప్రశంసా పత్రం ఇచ్చారు. కోటేశ్వరరావు గారు తెప్పించిన షాపు బోర్డు వెనక పెట్టి, ఫోటో తీసే అబ్బాయి అందరినీ వరసలో నిలబెట్టాడు. రాజ్యం మొక్క పక్కన నిలబడబోతే, "మేడం, కొంచెం పక్కకి జరగండి, సార్ షాపు బోర్డు కనపడట్లేదు" అన్నాడు. ఆమె జరిగింది. ఇంకొంచెం అన్నాడు. ఇంకొంచెం జరిగితే మెట్లు వచ్చాయి, దిగి వచ్చేసింది.

భోజనంలో పులిహోర, బ్రెడ్ హల్వా, ముక్కల పులుసు, గోంగూర. వంట బాగుందనే చెప్పాలి. రాజ్యం పెరుగన్నం కలిపి దానికేసి చూస్తూ కూర్చుంది. పట్టుచీర మీద పులుసు చుక్క పడినా తుడుచుకోలేదు.

"పోన్లే అక్కా" అంది. "నాకసలు గుర్తే లేదు."

అబద్ధమాడటం ఆమెకు చాతకాదు.

ఉయ్యూరు దాకా

సాయంత్రం బస్సు కిటకిటలాడింది. మా సీట్లో మూడో మనిషిగా ఒక లావుపాటి ఆవిడ కూర్చుంది. సంచి ఒళ్ళో పెట్టుకుని మాటిమాటికీ లోపలికి తొంగి చూస్తోంది. కంకిపాడు దాటాక ఆగలేక, తడి చేతిరుమాలులో చుట్టిన కొమ్మ తీసి మాకు చూపించింది. నేను చూడగానే గుర్తుపట్టాను.

"ఏం మందారమండీ?" అన్నాను.

"రాజ్యం మందారమండి. మహా గొప్ప రంగు."

నా పక్కన రాజ్యం చటుక్కున నాకేసి తిరిగింది.

"మైకులో ఏదో బేరింగులన్నారు కదండీ?"

"అంటే అన్నారు లెండి! నేను పాట చూళ్ళేదు, దుకాణాల దగ్గరే ఉండి విన్నాను. వాళ్ళు పేరు పెట్టేటప్పటికే మా అందరి సంచుల్లోకీ కొమ్మలొచ్చేశాయి. ఎవరి దగ్గర తెచ్చుకుంటే వాళ్ళ పేరు చెప్పుకోవద్దూ? దొంగతనంగా తెచ్చుకున్నా ఆ మాత్రం మర్యాద ఉండాలి. మా వీధిలో నలుగురు అడిగారు, అప్పుడే ఫోన్లో చెప్పేశా, రాజ్యం మందారం తెస్తున్నానని."

"ఆ రాజ్యం గారిని మీరు చూశారా?"

"మొహం చూళ్ళేదండీ. వీపు చూశాను. ఎంత మంచి మనిషో, పాపం, ఎవరొచ్చి అడిగినా గోడ వైపు తిరిగింది."

నాకు నవ్వాగలేదు. రాజ్యం నా తొడ మీద గిల్లి, ముందుకు వంగి, "పది రోజులు నీడలో పెట్టండి. నీళ్ళు ఎక్కువ పోస్తే కుళ్ళుతుంది" అంది.

"మీకూ ఉందా అండీ ఈ మొక్క? ఇంతకీ మీ పేరు?"

పెళ్ళయిన దగ్గరనుంచీ పేరడిగితే ఆమె మా మామగారి పేరు చెప్పి, "వాళ్ళ చిన్నకోడలినండి" అంటుంది. ఈసారి కాసేపు కిటికీ కడ్డీ మీద వేలితో గీసింది.

"రాజ్యమండి" అంది.

ఆవిడ కొమ్మనూ, ఈమెనూ మార్చి మార్చి చూసి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. "అయ్యో రాత! మీకే చూపించేశానే! ఇంక ఇది బతుకుతుందంటారా?"

"బతుకుతుంది. బతక్కపోతే మా ఊరు రండి. బస్సు దిగి రాజ్యం ఇల్లెక్కడని అడగండి, ఇంకో కొమ్మ తుంచుకుందురు గాని."

ఉయ్యూరులో ఆవిడ దిగిపోయింది. రాజ్యం చెప్పడమైతే చెప్పింది కానీ, మా ఊళ్ళో ఆ పేరుతో అడిగితే ఇల్లు చూపించే నాథుడు లేడు. అందుకని వచ్చిన మర్నాడు నేనే బయల్దేరాను. ముందు బస్టాపు దగ్గర కిళ్ళీకొట్టు. ఉయ్యూరు నుంచి ఎవరైనా వచ్చి రాజ్యం ఇల్లు అడిగితే మా ఇల్లు చూపించమని చెప్పాను.

"రాజ్యమంటే ఎవరండీ?" అన్నాడు.

"మా తోడికోడలయ్యా."

"చిన్నమ్మ గారా? ఆవిడకి పేరుందా అండీ?"

"ఉంది. ఉయ్యూరులో అందరికీ తెలుసు. నీకే తెలీదు" అన్నాను.